అర్జున్‌కు విరహం, వైష్ణవికి ద్రోహం

నిండు గర్భిణిగా పార్కులో ఒంటరిగా కూర్చున్న ప్రీతి దగ్గరకు అర్జున్ వస్తాడు. కడుపులో బిడ్డ ఎవరిదైనా నాకు పట్టింపు లేదు, నువ్వు కావాలి అంటాడు. తెలుగు తెరపై కథానాయకుడి నోట ఇంత తెగింపు మాట అరుదు. ‘అర్జున్ రెడ్డి’ (2017) అక్కడ ఆగిపోయి ఉంటే దాని స్థాయే వేరు. దర్శకుడు సందీప్ రెడ్డి వంగా ఆగలేదు. పెళ్లయిన కొద్దిరోజులకే భర్తను వదిలేసిందని, అతన్ని ముట్టనివ్వలేదని, బిడ్డ అర్జున్‌దేనని ప్రీతి చేత గబగబా చెప్పించేశారు. హీరో తెగించాడు, స్క్రీన్‌ప్లే జంకింది.

ప్రీతికి వేరొకరితో పెళ్లయ్యాక, ఆ నెలల్లో అర్జున్ ఏం చేశాడో మనం చూశాం. తాగాడు, మత్తుమందులు వాడాడు, పరిచయం లేని ఆడవాళ్లతో పడుకున్నాడు. నటి జియా శర్మతో శరీరం వరకే అని ఒప్పందం కుదుర్చుకున్నాడు, ఆమె ప్రేమ అనగానే తెంచేసుకున్నాడు. వేరొకరి భార్య అయిపోయిన ప్రీతికి అతను ద్రోహం చేసినట్టెలా అవుతుందని అభిమానులు అడుగుతారు. సరే, అవ్వదు. అదే లెక్కన తాళి కట్టిన భర్తతో ప్రీతి కాపురం చేసి ఉన్నా ద్రోహం కాకూడదు కదా! కథ మాత్రం ఆమెకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. అతని విచ్చలవిడితనం ప్రేమకు రుజువు, ఆమె భర్తను ముట్టనివ్వకపోవడం ప్రేమకు రుజువు.

అసలు వాళ్లు విడిపోవడానికి కారణం చూడండి. ఇల్లో తానో తేల్చుకోవడానికి ప్రీతికి ఆరు గంటల గడువు పెట్టింది అర్జునే. ఇంట్లోవాళ్ల కళ్లుగప్పి ఆమె వచ్చేసరికి అతను మార్ఫిన్ ఎక్కించుకుని పడి ఉన్నాడు. రెండు రోజులకు మెలకువ వచ్చేటప్పటికి ఆమె పెళ్లి అయిపోయింది. గడువు పెట్టినవాడే స్పృహలో లేడు. అయినా మోసపోయినవాడిలా తిరిగింది అతనే. సర్జన్‌గా తాగి ఆపరేషన్ చేసిన తప్పును విచారణలో దాచకుండా ఒప్పుకుని లైసెన్సు పోగొట్టుకున్న మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం తనను తాను నిలదీసుకోడు. సినిమా మొత్తంలో నాకు కనిపించిన పెద్ద కపటం ఇదే.

విడుదలప్పుడు గొడవంతా ముద్దు పోస్టర్ మీదే నడిచింది. కాంగ్రెస్ నేత వి. హనుమంతరావు బస్సు మీది పోస్టర్ చింపడం వార్త అయింది. క్లాసులోకి వెళ్లి ఈ అమ్మాయి నాది అని హీరో చాటింపు వేయడం మాత్రం పెద్దలెవరికీ అభ్యంతరంగా తోచినట్టు లేదు.

ఆరేళ్ల తర్వాత, 2023 జులైలో సాయి రాజేష్ ‘బేబీ’ వచ్చింది. బస్తీలో ఆటో నడిపే ఆనంద్‌ను ప్రేమించిన వైష్ణవి, ఇంజనీరింగ్ కాలేజీలో చేరి తోటి విద్యార్థి విరాజ్‌కు దగ్గరవుతుంది. ఆమె ఆనంద్‌కు అబద్ధాలు చెప్పింది, అది ముమ్మాటికీ మోసమే. అర్జున్ ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఆ తేడా ఒప్పుకోవాలి. కానీ ఊరు చూడని పిల్ల ఒక్కసారిగా రంగుల లోకంలో పడితే కలిగే తబ్బిబ్బు, ఆనంద్ అనుమానాలు, విరాజ్ పట్టు అన్నీ అదే సినిమాలో ఉన్నాయి. 2023 చిత్రాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారాన్ని తమిళ చిత్రం ‘పార్కింగ్’తో కలిసి పంచుకున్న కథనం అది. ఆ చిక్కుముడులన్నీ చూశాక కూడా చాలామంది నోట వచ్చింది వైష్ణవి మీద తిట్టే. అర్జున్‌కు మాత్రం బుల్లెట్టు, గడ్డం, అభిమాన సంఘం దక్కాయి.

లోపాలున్న ప్రేమికుల కథలు రావొద్దని ఎవరూ అనడం లేదు. చంద్రముఖి ఇంటికి వెళ్లిన దేవదాసును నెత్తిన పెట్టుకున్న ప్రేక్షకులం మనం. యువ దర్శకులకు ఒక్కటే విన్నపం: పార్కులో ఆ సీనును మళ్లీ రాసి చూడండి. బిడ్డ వేరొకరిది. అర్జున్ తన మాట మీద నిలబడతాడా, లేదా?