పాత సత్రాలకు నిప్పు గండం

ఇంగ్లండ్ చిన్న పట్నాల్లో చదువుకుంటున్న, స్థిరపడిన మనవాళ్లారా, కాస్త ఆగి ఈ మాట వినండి. మీరు బస చేసే, పార్ట్‌టైమ్ పనిచేసే పాత కోచింగ్ ఇన్‌లకు, అంటే గుర్రపుబండ్ల కాలంలో ప్రయాణికుల కోసం కట్టిన సత్రాలకు, నిప్పు గండం ఉంది. తేలిగ్గా తీసుకోకండి.

2023 మార్చిలో వెస్ట్ ససెక్స్‌లోని మిడ్‌హర్స్ట్‌లో పక్క భవనంలో రేగిన మంట ఏంజెల్ ఇన్ పైకప్పుకు పాకింది. వందల ఏళ్ల నాటి సత్రం తెల్లారేసరికి చాలావరకు కాలిపోయింది. యుద్ధం నుంచి తప్పించుకొచ్చి అక్కడ తలదాచుకున్న యుక్రెయిన్ శరణార్థులతో సహా లోపలివారంతా ప్రాణాలతో బయటపడ్డారు. ప్రతిసారీ అంత అదృష్టం ఉంటుందా?

ఈ ముప్పు ఆ కట్టడాల పుట్టుకలోనే ఉంది. ఆ రోజుల్లో ప్రతి పది, పదిహేను మైళ్లకూ బండి గుర్రాలను మార్చాల్సి వచ్చేది. అందుకే వీధి వైపు బండి దూరే కమాను, లోపల పెరడు, వెనక గుర్రపుశాలలు, గడ్డి అటకలు కట్టారు. 1784లో టపా మోసే మెయిల్ కోచ్‌లు మొదలయ్యాక గిరాకీ ఇంకా పెరిగింది. చాలాచోట్ల పాత కలప చట్రాన్ని అలాగే ఉంచి ముందు ఇటుక గోడ లేపారు, వెనక గదులు కలుపుకుంటూ పోయారు. 1840ల్లో రైళ్లు బండ్లను మూలపడేశాయి. గుర్రపుశాలలు పడకగదులయ్యాయి. గోడల మధ్య సందులు, ఒకదాంతో ఒకటి కలిసిన అటకలు మాత్రం మిగిలాయి. మంట కంటపడకుండా ఆ దారుల్లోనే పరుగెడుతుంది.

ఇంగ్లండ్‌లోని స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అనే పట్నంలో 1742 నాటి అగ్నిప్రమాదం వందకు పైగా ఇళ్లను బూడిద చేసింది. ఒక సత్రంలో పనిమనిషి ఇస్త్రీలో మాడిన దుప్పటిని భయపడి పొగగొట్టంలో దాచిందని, అక్కడే నిప్పు రాజుకుందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. నేటికీ కట్టడంతో పాటు ఇలా దాచడంలోనూ ప్రమాదం ఉంది.

కాబట్టి కళ్లు తెరిచి చూడండి. ఫైర్ డోర్ మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టారా? వెనక మెట్ల మీద సామాన్లు పేర్చారా? వంటగది పొగగొట్టం జిడ్డుకట్టిందా? ప్లగ్గు వేడెక్కుతోందా? అలారం మోగినా ఎవరూ కదలడం లేదా? యజమానికి చెప్పండి. వినకపోతే స్థానిక అగ్నిమాపక శాఖకు చెప్పండి.

చూసేవారుండరు కనుక మూతపడిన సత్రాల విషయంలో మరింత జాగ్రత్త. పెంకులు జారినా, తలుపు తాళం విరిగినా కౌన్సిల్‌కు తెలపండి.

బస చేసిన రాత్రి పడుకునే ముందు బయటికి దారి ఎటో నడిచి చూసుకోండి. పొగ వాసన వస్తే సామాన్ల కోసం ఆగకండి. బయటికొచ్చి 999కి ఫోన్ చేయండి. పనిలో మీ వల్ల ఏదైనా మాడితే, దయచేసి దాచకండి. తిట్లు పడితే పడనివ్వండి, ఆ క్షణమే చెప్పేయండి.