వెలయు విలువయు

వెల వేరు, విలువ వేరు. ఈ భేదమును సంతలో ఎద్దును కొనబోవు రైతు ఎరుగును. అతడు పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును, కాడి మోపి చూచును. పిమ్మటగాని ధర మాట యెత్తడు. ఆ రైతు కుమారుడే నేడు పట్టణమున గుమాస్తాయో, ఉపాధ్యాయుడో, ఇంటింటికి సరకుల నందించు పనివాడో యై, మోటారుసైకిలు కొనబోవునప్పుడు మాత్రము ఈ పరీక్షలన్నియు విడిచి రెండే ప్రశ్నలు వేయుచున్నాడు: వెల యెంత? లీటరునకు ఎన్ని కిలోమీటరులు? రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని వీనితోనే నిర్ణయమునకు వచ్చుట, దావాపత్రమును చదివి, ప్రతివాది జవాబు చూడకయే డిక్రీ యిచ్చుట వంటిది.

ఇది స్వల్పవిషయమని తలపరాదు. 2023-24 సంవత్సరమున మన దేశమున అమ్ముడుపోయిన ద్విచక్రవాహనములు కోటి డెబ్బది తొమ్మిది లక్షలకు పైబడినవి. కలవారి యింట మోటారుసైకిలు వినోదము కావచ్చును. మధ్యతరగతివాని యింట అది ఇల్లు తరువాత ఇల్లు వంటి ఆస్తి. దానిపై అతని ఉద్యోగమును, పిల్లల చదువును, ఒకొక్కప్పుడు అతని ప్రాణమును ఆధారపడి యున్నవి.

చిన్న యంత్రముల చరిత్ర కొంచెము తెలిసికొన్నగాని నేటి బేరము బోధపడదు. 1980వ దశకమునకు పూర్వము మన వీథులలో మోటారుసైకిలనగా రాజదూత్, యెజ్డి, ఎన్‌ఫీల్డు బుల్లెట్టు. అవి బరువైనవి, ఇంధనమును విరివిగా త్రాగునవి. ఆ దశకమధ్యమున జపాను సంస్థల సహకారముతో 100 సి.సి. బండ్లు వచ్చెను. 1985లో రెండు యంత్రములు మన రోడ్లపైకి దిగినవి. ఒకటి యమహా ఆర్.ఎక్స్. 100, పదునొకండు అశ్వబలముల చురుకైన రెండు స్ట్రోకుల యింజను. రెండవది హీరోహోండా సి.డి. 100, బలమున వెనుకబడినను పెట్రోలును పొదుపు చేయు నాలుగు స్ట్రోకుల యింజను. యువకులు మొదటిదానిని ప్రేమించిరి. గృహస్థులు రెండవదానిని కొనిరి. మొదటిదాని తయారీ 1996లో ఆగిపోయెను. రెండవదాని వంశమున 1994లో పుట్టిన స్ప్లెండరు నేటికిని అమ్ముడుపోవుచున్నది. వేగమునకు కీర్తి దక్కెను; పొదుపునకు రాజ్యము దక్కెను. 2010 చివర హీరో, హోండా సంస్థలు వేరుపడుటకు నిశ్చయించుకొని, ఇప్పుడు ఒకదానితో నొకటి పోటీపడుచున్నవి. ఈ పోటీ కొనువానికి మేలే.

ఇక పనితనము మాట. స్ప్లెండరు ప్లస్ 97.2 సి.సి. యింజను ఇచ్చునది సుమారు 8 అశ్వబలములు. బజాజ్ ప్లాటినా 100 ఇచ్చునది 7.9. టి.వి.యస్. స్పోర్టు 110 సి.సి. తరగతిదైనను ఇచ్చునది 8.2. 2023 మార్చిలో ముంబయి షోరూము ధర 64,900 రూపాయలుగా ప్రకటింపబడిన హోండా షైన్ 100 ఇచ్చునది 7.4, కాని దాని బరువు 99 కిలోలు మాత్రమే, స్ప్లెండరు 112 కిలోలు. అనగా ఈ నాలుగింటి నడుమ బలములో నున్న భేదము ఒక్క అశ్వబలమునకు లోబడినది. మనిషి ఎక్కిన పిమ్మట ఆ భేదమును గుర్తించుటయే కష్టము. ప్రకటనలలో ఈ దశాంశములకై జరుగు యుద్ధమును చదువరులు పట్టించుకొన నక్కరలేదు. సీటు ఎత్తు, రోడ్డు గుంటలకు తాళుగుణము, ఊరిలో నమ్మదగిన మరమ్మతుదారు, సులభముగా దొరకు విడిభాగములు, తిరిగి అమ్మినప్పుడు వచ్చు ధర: ఇవియే ఈ తరగతిలో భేదమును చూపునవి. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట కార్బురేటరు స్థానమును చాలవరకు ఎలక్ట్రానిక్ ఇంధనపద్ధతి ఆక్రమించినది. చెట్టుక్రింద కూర్చున్న మేస్త్రీ స్క్రూ త్రిప్పి సరిచేయు కాలము గడచుచున్నది. కావున సర్వీసు కేంద్రమెంత దూరమో కొనకముందే విచారింపవలయును.

నూరు సి.సి.యా, నూట యిరువదియైదా యను ప్రశ్న మాత్రము నిజమైన ప్రశ్న. హోండా షైన్ 125 ఇచ్చునది 10.7 అశ్వబలములు, దాని లాగుడు శక్తి నూరు సి.సి. బండికంటె మూడవవంతునకు పైగా హెచ్చు. ఇందులకు చెల్లింపవలసిన దెంత? లెక్క చూతము. దినమునకు 40 కిలోమీటరుల చొప్పున ఏటికి 300 దినములు తిరుగువాడు ఐదేండ్లలో 60,000 కిలోమీటరులు తిరుగును. చిన్నబండి లీటరునకు 60, పెద్దబండి 50 కిలోమీటరులు ఇచ్చుననుకొందము. 2024లో హైదరాబాదున పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటియుండెను. ఆ లెక్కన చిన్నబండికి 1,000 లీటరులు, 1,07,000 రూపాయలు; పెద్దబండికి 1,200 లీటరులు, 1,28,400 రూపాయలు. కొనువేళ వెలలో భేదము 15,000 అనుకొన్నచో, మొత్తము భేదము 36,400. అనగా నెలకు సుమారు 600 రూపాయలు.

ఇందు రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: ఐదేండ్ల పెట్రోలు బండి వెలను మించుచున్నది. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ! షోరూములో రెండువేలకై గంటసేపు బేరమాడినవాడు, టైరులలో గాలి చూచుకొనక, అనవసరవేగమున పోయి, నూటికి పదివంతుల పెట్రోలు వ్యర్థపరచినచో పదివేలకు పైగా పోగొట్టుకొనుచున్నాడు. వేగము హెచ్చినకొలది గాలి అడ్డగింపు అంతకంటె త్వరగా హెచ్చును. నిదానముగా నడుపువానికే కంపెనీ చెప్పిన మైలేజి దరిదాపులకు వచ్చును. రెండవది: పట్టణములో ఒంటరిగా తిరుగువానికి ఆ నెలకు ఆరువందలు దండుగ, పురవీథులలో గరిష్ఠవేగమే 60 కిలోమీటరులు కదా! కాని భార్యాబిడ్డలతో, మూటలతో, లారీల నడుమ జాతీయరహదారిపై దినదినము పోవువానికి ఆ ఆరువందలు వ్యర్థవ్యయము కాదు. ముందున్న లారీని దాటుటకు పట్టు కాలము తగ్గుటయే అతనికి రక్ష.

వెల మాటకు మరల వత్తము. గోడపత్రికపై నుండు షోరూము ధర కొనువాడు చెల్లించు ధర కాదు. దానిపై రాష్ట్రపు జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, భీమా చేరవలయును. సుప్రీంకోర్టు ఆజ్ఞచే 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్రవాహనమునకు ఐదేండ్ల తృతీయపక్ష భీమా విధిగా తీసికొనవలయును. 2022 నాటి నిర్ణయము ప్రకారము 75 మొదలు 150 సి.సి. వరకు దాని ప్రీమియము 3,851 రూపాయలు. ఇక అప్పు. 70,000 రూపాయలను మూడేండ్లకు "నూటికి పది" వడ్డీకి ఇత్తుమని చెప్పుదురు. అసలు నెలనెలకు తగ్గుచున్నను మొదటి మొత్తముపైననే వడ్డీ కట్టుదురు. వడ్డీ 21,000, నెలసరి వాయిదా 2,528. నిజముగా తగ్గుచున్న బాకీపై లెక్కించినచో ఆ పది సుమారు పదునెనిమిది యగును! 2024 అక్టోబరు 1 నుండి ఇట్టి అప్పులకు వార్షికపు నిజమైన రేటును తెలుపు ముఖ్యాంశపత్రమును అప్పుకొనువానికి ఈయవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. ఆ పత్రమును అడిగి చదువక సంతకము చేయువానిని ఏ న్యాయవాదియు రక్షింపజాలడు.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రాణము. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై నున్నవారే. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన బండ్లన్నిటికి చక్రము బిగిసికొనిపోకుండ కాపాడు ఎ.బి.ఎస్. బ్రేకు విధింపబడెను, అంతకు లోబడినవానికి రెండు చక్రములను కలిపి పట్టు సంయుక్తపు బ్రేకుతో సరిపుచ్చిరి. 2025లో కేంద్రప్రభుత్వము చిన్నబండ్లకును ఎ.బి.ఎస్. ఉండవలెననియు, బండితో రెండు హెల్మెట్లు ఈయవలెననియు ప్రతిపాదింపగా, వెల పెరుగునని తయారీదారులు ఆక్షేపించిరి. వెల పెరుగుననుట నిజమే. పేదవాని బండి చౌకగా నుండవలెననుటయు నిజమే. కాని ఆ చౌకతనము బ్రేకులో కోత కోసి తేవలసినదేనా? నున్నని మెరుగులకు, బొమ్మల రంగులకు దొరకిన ధనము బ్రేకునకు దొరకదా?

చట్టములోని ఒక సూక్ష్మమును గూడ చెప్పవలసియున్నది. చట్టము నిర్బంధించు కనీసపు తృతీయపక్ష పాలసీ వెనుక కూర్చుండి పోవువానికి వర్తింపదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వెనుక కూర్చుండునది ఎవరు? భార్య, తల్లి, బిడ్డ. వారికి రక్షణ కావలెనన్నచో సమగ్రపాలసీ తీసికొనవలయును. నడుపు యజమానికి 15 లక్షల వ్యక్తిగతప్రమాద భీమా వేరుగా నున్నదో లేదో చూచుకొనవలయును. డ్రైవింగు లైసెన్సు లేనివానికి అదియు దక్కదు. కొన్ని వందల పొదుపునకై ఈ కాగితములను మానుకొనిన కుటుంబములు న్యాయస్థానముల మెట్లపై ఏండ్లతరబడి తిరుగుట అందరు నెరిగినదే.

మా యభిప్రాయమిది. పట్టణములో ఒంటరిగా తిరుగువానికి నూరు సి.సి. బండి చాలును, సిగ్గుపడ నక్కరలేదు. ఇరువురు ఎక్కి రహదారిపై పోవువాడు ముందుచక్రమునకు డిస్కు బ్రేకు గల 125ను కొనుట మేలు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు బండ్లపై జి.యస్.టి. 28 నుండి 18కి తగ్గినది. పన్నుగాక 50,000 వెలగల బండిపై దీనివలన 5,000 రూపాయలు మిగులును. ఆ ఐదువేలను అద్దములకు, హారనులకు, హంగులకు వ్యయపరుపక, రెండు మంచి హెల్మెట్లకు, మెరుగైన బ్రేకునకు, సమగ్రపాలసీకి వినియోగింపుడు. అమ్మువారు పూర్తివెలను, నిజమైన వడ్డీని ఒకే కాగితముపై వ్రాసి ఈయవలెను. ప్రభుత్వము బ్రేకు విషయమున తయారీదారుల ఆక్షేపణలకు జంకరాదు.

రైతు ఎద్దును కొనునప్పుడు అది పొలమును దున్నునా యని మాత్రమే చూడడు. సాయంకాలమునకు తన్ను ఇల్లు చేర్చునా యనియు చూచును. మనమును అట్లే చూతుముగాక!