గుంటలూ సెంట్లూ కలుస్తాయా?



మదనపల్లె నుంచి ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. ఆ వూరు టమాటాలకు పెట్టింది పేరు గదా! వాళ్ళమ్మ శనివారం 2 1/2 కిలోల టమాటాలు కొన్నదట. ఆదివారం చుట్టాలు వస్తే మరి 1 3/4 కిలోలు కొన్నదట. "మొత్తం 3 4/6 కిలోలని వేశాను. తప్పన్నారు. ఎందుకు తప్పు తాతగారూ?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఈ అమ్మాయి 2, 1 కలిపి 3 అన్నది. అంతవరకు ఒప్పే. తరవాత పైనున్న లవాలు 1, 3 కలిపి 4 అన్నది. కిందనున్న హారాలు 2, 4 కలిపి 6 అన్నది. చిక్కు అక్కడ వచ్చింది. లెక్క చెయ్యకముందే ఒక్క క్షణం ఆగి చూడండి. అరకిలోకు మరో అరకిలో కలిపితేనే కిలో అయిపోతుంది. ముప్పావు అరకన్న పెద్దది. కనక జవాబు నాలుగు దాటి తీరాలి. 3 4/6 నాలుగైనా కాలేదు!

హారమనేది ముక్క పేరు మాత్రమే. పేర్లను ఎవరైనా కూడతారా? అరను పావులుగా మార్చండి: రెండు పావులు. వాటికి మూడు పావులు చేరిస్తే అయిదు పావులు, అంటే ఒకటింబావు. మొత్తం 4 1/4 కిలోలు.

మా నాన్నగారి కాలంలో ఈ బాధ తక్కువ. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి 16 అణాలు. అర్ధరూపాయి 8 అణాలు, ముప్పావలా 12 అణాలు. సమానమైన హారం జేబులోనే వుండేది!

మొన్న నేను మదనపల్లె నుంచి కుప్పం వెళ్ళాను. పుంగనూరుకు ముప్పావు గంట పట్టింది. అక్కడినించి పలమనేరు మీదుగా కుప్పానికి 2 1/3 గంటలు. (పుంగనూరు ఆవులను చూద్దామనుకున్నాను గాని బస్సు ఆగలేదు. సుమారు మూడడుగులుండే ఆ బుల్లి ఆవుల కథ మరో నెల చెబుతాను.) 4కూ 3కూ క.సా.గు. 12. ముప్పావు అంటే 9/12, మూడోవంతు అంటే 4/12. రెండూ కలిపితే 13/12. మొత్తం 3 1/12 గంటలు. గడియారం చూస్తే మూడు గంటల అయిదు నిమిషాలు. సరిపోయింది.

కుప్పంలో నా పాత శిష్యుడొకడు ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. వాళ్ళిద్దరు అన్నదమ్ములు. నాన్నగారి భూమి కుప్పం దగ్గర 1 ఎకరా 35 సెంట్లు. అమ్మ పుట్టింటివారు ఇచ్చిన భూమి కర్ణాటక సరిహద్దుకు అవతల 2 ఎకరాల 15 గుంటలు. అన్న భూమి అంతా వుంచుకొని, సగానికి తమ్ముడికి డబ్బు ఇవ్వాలి. ధర రెండుచోట్లా ఒకటే కట్టుకున్నారు. అన్న 15, 35 కలిపి, "3 ఎకరాల 50" అని రాశాడు. అంటే మూడున్నర ఎకరాలు, నీ వంతు 1 ఎకరా 75 సెంట్లు అన్నాడు.

"అయ్యవారూ, ఎక్కడో తేడా కొడుతోంది. అన్నను అడగాలంటే నోరు రావడం లేదు," అన్నాడు తమ్ముడు.

అన్న మంచివాడే. నా దగ్గర చదివినవాడే. (అదే నాకు కొంచెం సిగ్గుగా వుంది!) నేను అతన్ని కూడా పిలిపించి పలక మీద రాశాను. మనవైపు ఎకరాకు 100 సెంట్లు. కర్ణాటకలో ఎకరాకు 40 గుంటలు. కాబట్టి 35 సెంట్లంటే 35/100 ఎకరా, కుదిస్తే 7/20. పదిహేను గుంటలు 15/40 ఎకరా; కుదిస్తే 3/8. ఇరవైకీ ఎనిమిదికీ క.సా.గు. 40. ఇప్పుడు 14/40, 15/40 కలిపితే 29/40. మొత్తం 3 29/40 ఎకరాలు.

గుంటల్లో చెప్పాలంటే 3 ఎకరాల 29 గుంటలు. ఒక గుంట రెండున్నర సెంట్లు గనక, సెంట్లలో 3 ఎకరాల 72 1/2 సెంట్లు. అన్న వేసినదానికన్న 22 1/2 సెంట్లు ఎక్కువ! అందులో తమ్ముడి సగం 11 1/4 సెంట్లు. అది దాదాపు 4,900 చదరపు అడుగులు. రెండు ఇళ్ళు కట్టుకోవచ్చు.

అన్న చాలాసేపు పలకకేసి చూశాడు. తరవాత బలపం తీసుకొని మొదటినించి తానే మళ్ళీ చేశాడు. జవాబు అదే వచ్చింది. "1 ఎకరా 86 1/4 సెంట్లు అని రాయరా తమ్ముడూ. ఆ పావు సెంటు కూడా వదలొద్దు," అన్నాడు. పాత కాగితం చింపేశారు.

ఇప్పుడు మీ వంతు. ఒక రైతుకు అవతల 3 ఎకరాల 25 గుంటలు, ఇవతల 2 ఎకరాల 60 సెంట్లు వున్నవి. మొత్తం సెంట్లలో ఎంత? గుంటల్లో ఎంత? ముందు ఆరెకరాలు దాటుతుందో లేదో ఊహించి, ఆ ఊహను కాగితం మూల రాసుకొని, అప్పుడు లెక్క మొదలుపెట్టండి. జవాబు వచ్చే నెల.