జాబితాలో లేని పేరు

కొండపల్లి, ఇబ్రహీంపట్నం బడుల్లో చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఏటా ఒకరోజు మీ తరగతిలోకి ఒక విహారయాత్ర కాగితం వస్తుంది. ఊటీ అనో, కేరళ అనో, ఫిల్మ్ సిటీ అనో. కింద ఫీజు, కట్టాల్సిన ఆఖరు తేదీ, అమ్మానాన్నల సంతకానికి గీత. ఆ కాగితం ఇంటికి చేరిన రాత్రి ఏం జరుగుతుందో మీకు తెలుసు. థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు పనికి వెళ్ళే నాన్న పలకడు. అమ్మ డ్వాక్రా పొదుపు పుస్తకం తీసి చూసుకుంటుంది.

నేను 9వ తరగతిలో ఉండగా మా బడి నుంచి అలాగే ఒక బస్సు బయల్దేరింది. నా బెంచీలో పక్కవాడు రాలేదు. జ్వరమన్నాడు. తిరిగొచ్చి, చూసినవన్నీ వాడికి పూసగుచ్చినట్టు చెప్పాను. వాడు తలూపుతూ విన్నాడు. అది జ్వరం కాదని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. అప్పుడు చూసిన జలపాతం పేరు మరిచిపోయాను. వాడు తలూపడం మరవలేదు. అందుకే అడుగుతున్నాను: సగం తరగతిని ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళేదాన్ని చదువు అని ఏ నోటితో అంటాం?

దూరం వెళ్ళొద్దని నేననను. ఆగస్టు 15న మైదానంలో సైడ్ డ్రమ్ము మోగించే మీ బ్యాండు పిల్లల్నే చూడండి. బడి బ్యాండులకు జాతీయ పోటీలున్నాయి. రాష్ట్రంలో నెగ్గి, జోన్‌లో నెగ్గి, గణతంత్ర దినోత్సవం వేళకు ఢిల్లీ చేరాలి. ఎండలో అడుగు కలిపి, వేళ్ళు బొబ్బలెక్కేదాకా సాధన చేసి వెళ్ళిన పిల్ల, పక్క రాష్ట్రం బ్యాండు మోగుతుంటే చెవులు రిక్కించి వింటుంది. వాళ్ళ తాళం ఎక్కడ గట్టిగా నిలిచిందో, తమది ఎక్కడ జారిందో ఆమెకు ఇట్టే తెలుస్తుంది. అలాంటి ప్రయాణానికి ఎంతైనా పెట్టొచ్చు. బడి పెట్టాలి, చాలకపోతే ఊరు చందా ఎత్తి పంపాలి. డబ్బు లేదని డ్రమ్ము కొట్టేవాణ్ణి ఆపేసి బ్యాండు వెళ్ళదు కదా, వెళ్తే తాళం ఎవరు వేస్తారు? తరగతి మాత్రం వెళ్ళిపోతోంది.

ఇంకొక మాట. చూడాల్సినవి దగ్గరలోనూ ఉన్నాయి. దసరా కొలువులో ఏనుగు అంబారీ బొమ్మ మీ అందరి ఇళ్ళలో ఉంటుంది. అది పుట్టే చోటుకి మీలో ఎంతమంది వెళ్ళారు? ఆ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కొయ్యని చేతిలోకి తీసుకుంటే కర్ర పట్టుకున్నట్టే ఉండదు, అంత తేలిక. చెమ్మ పోయేదాకా దాన్ని సన్నటి సెగకి ఆరబెడతారు. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు కనబడకుండా మలిచి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. పొణికి చెట్టు మన కొండదే. ఇప్పుడు తగ్గిపోతోంది. ఎందుకు తగ్గుతోందో బొమ్మల కాలనీలో ఏ పెద్దాయన దగ్గర కూర్చున్నా చెబుతాడు. బొమ్మకి ఎన్ని పూటలు పట్టిందో, అంగట్లో ఎంతకు పోయిందో, చెక్కిన చేతికి ఎంత మిగిలిందో కూడా అడగండి. ఆ లెక్క మీ నోటుపుస్తకంలో ఉండాలి.

ఆ కొండ పైన కోట ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. గజపతుల చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచాడు. ఆ తర్వాత గోల్కొండ సుల్తానులు, 1766లో ఇంగ్లీషువాళ్ళు. మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో వేర్వేరు పాఠాల్లో ఉన్నవాళ్ళంతా ఈ ఒక్క గుట్ట ఎక్కారు!

బస్సెక్కకుండా నడిచి వెళ్ళినా అది యాత్రే. జపాన్‌లో బడి యాత్రలంటే పెద్ద సంబరం. వాటికోసం కుటుంబాలు నెలనెలా కొంత దాస్తాయి. ఆ ఆచారానికి మొదలు అని చెప్పుకునేది 1886లో టోక్యో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల విద్యార్థులు చిబా వైపు చేసిన యాత్ర. వాళ్ళు నడిచి వెళ్ళారు.

ఈసారి కాగితం వచ్చినప్పుడు లేచి నిలబడండి. "సార్, కట్టలేనివాళ్ళ సంగతేంటి?" అని అడగండి. మర్యాదగానే, కానీ అందరికీ వినబడేలా. బస్సుకెంత, గదికెంత, భోజనానికెంత అని లెక్క అడగండి, అది మీ అమ్మానాన్నల చెమట. జూన్ నుంచే తరగతికి ఒక హుండీ పెట్టుకోండి. ఎవరు ఎంత వేశారో ఎక్కడా రాయకండి. చాలినంత కూడితే దూరం వెళ్ళండి, కూడకపోతే దగ్గరికి వెళ్ళండి. వెళ్తే అందరూ వెళ్ళండి! మా వీధిలో కార్తీక వనభోజనాలు అలాగే జరిగేవి. ఒకరింటి నుంచి పులిహోర, ఒకరింటి నుంచి పెరుగన్నం. ఏమీ తేలేనివాళ్ళు పొయ్యిలోకి పుల్లలు ఏరుకొచ్చేవాళ్ళు. ఉసిరిచెట్టు కింద విస్తరి మాత్రం అందరికీ పడేది.

ముందుగా ఈ ఆదివారం కోటకి వెళ్ళండి. ఒక మాస్టారిని వెంటబెట్టుకోండి. ఎండెక్కితే రాళ్ళు కాలతాయి, పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళు తీసుకెళ్ళండి, ఒక సైడ్ డ్రమ్ము కూడా. దారిలో, పోయినేడాది యాత్ర జాబితాలో పేరు లేనివాడి ఇంటిముందు ఆగి, వాణ్ణి నిద్ర లేపండి.