తేనెటీగల బంకయు వర్తకుని కరపత్రమును

క్రిందటి నెలలో ఒక వర్తకుడు మన సభ్యుల యిండ్లకు వచ్చి, తేనెపెట్టెల సందులలో ఈగలు పూడ్చెడి బంకను తూకమునకు కొనెదనని చెప్పిపోయెను. ఆయన పంచిన కరపత్రములో, మన బంకకు బ్రెజిలు దేశపు ఆకుపచ్చ బంకకున్న గుణములన్నియు కలవనియు, పుండ్లకు పూయవచ్చుననియు వ్రాయబడియున్నది. దానిమీద సంఘము ముద్ర వేయవలెనట. వేయరాదని మా యభిప్రాయము.

ప్రొపోలిస్ అనెడి యీ బంక ఈగ యొడలినుండి పుట్టినది కాదు. మైనము ఈగది, బంక చెట్టుది. మొగ్గలమీదను గాయపడిన బెరడుమీదను ఊరిన జిగురును గోకి, వెనుకకాళ్ళ బుట్టలలో మోసితెచ్చి, మైనము కలిపి ఈగ సందులు మూయును. కావున చెట్టు మారినచో బంకయు మారును. ఐరోపాలో పోప్లారు మొగ్గల జిగురు దొరకును. అచ్చటి బంకలో పైనోసెంబ్రిన్, గలాంజిన్, క్రైసిన్ అనునవి ప్రధానములు. బ్రెజిలు ఆకుపచ్చ బంక బాకరిస్ అను పొదనుండి వచ్చును. దానికి పేరుతెచ్చినది ఆర్టెపిల్లిన్-సి. ఆ దేశపుటెర్ర బంక మన యిరుగుడు చెట్టుకు దాయాదియగు వేరొక చెట్టుది. ఒక్క దేశములోనే యింత భేదమున్నప్పుడు, బాకరిస్ పొద మొలవని మన పొలములకు ఆ గుణము లెక్కడివి?

మామిడితోటలలో పెట్టెలుంచినవారు ఈ సంగతి వినవలెను. ఇండొనీషియాలో పరీక్షించిన కొన్ని బంకలలో మామిడి జిగురునకు సంబంధించిన కార్డాల్ వంటి పదార్థములు కనబడినవి. మామిడి సొనలో దురద పుట్టించునవియు ఈ కుటుంబమువే. సొన తగిలి పెదవి పొక్కిన పిల్లవానిని చూడని యిల్లు మన ప్రాంతమున లేదు. అట్టి బంకను పుండుమీద పూయుడని సంఘము చెప్పవచ్చునా?

పరీక్ష కష్టమైనది కాదు. బంకను చల్లబరచి పొడిచేసి సారాయములో నానబెట్టుదురు. జిగురు కరగును, మైనము చాలవరకు మిగిలిపోవును. అద్దుడు కాగితముపై సిరాచుక్క తడిసి ప్రాకినకొలది రంగులు విడిపోవుట బడికి పోయిన ప్రతి పిల్లవాడును చూచియుండును. క్రొమాటోగ్రఫీ యనునదియు ఆ తీరుదే. సన్నని గొట్టములో పదార్థములు ఒకదాని వెనుక నొకటి బయటపడును. వానికి పేరు పెట్టి పాలు కొలుతురు. చౌకగా మొత్తము ఫీనాలుల యంకె మాత్రమే తెప్పించుకొని తృప్తిపడరాదు. పోప్లారు బంకకును మామిడి బంకకును ఆ యంకె యొకటే రావచ్చును. వెన్నపాలు కొలిచినంతమాత్రమున ఏ పాడియావు పాలో తెలియునా? మనకు కావలసినవి పేర్లు.

పరీక్షకు పంపునది శుభ్రముగా నుండవలెను. మొదటి సంవత్సరము మేము ఉలితో గోకి కూడబెట్టినదానిలో సగము కర్రపేళ్ళును, మైనమును, చచ్చిన ఈగల రెక్కలును! రంగు వేసిన మూతలనుండి గోకినచో సీసము కలియవచ్చును. ఈగల పేలకు వేసిన మందులు కొన్ని మైనమునందును బంకయందును నిలిచిపోవును. మూతక్రింద సన్నని ప్లాస్టిక్ వల పరచి, ఈగలు దాని కన్నములు నింపిన పిమ్మట మంచుపెట్టెలో గట్టిపరచి విరిచినచో మంచి సరుకు దొరకును. ఇది ఐరోపా జాతి యీగలున్నవారికి మాత్రమే. మన తొర్రయీగ బంక కూర్చదు, దానికొరకు వల కొనవలదు.

పరీక్షలు పూర్తియగువరకు ఆగినచో వర్తకుడు వేరే యూరు పోవునని కొందరు సభ్యులు మాతో ననిరి. పోవచ్చును. కాని యొక కొనుగోలుదారునకు చర్మము పొక్కినచో అతడు వర్తకుని వెదకడు, డబ్బామీద ముద్రను చూచును. అదే ముద్ర మన తేనెసీసాలమీదను కలదు. గ్రామగ్రామపు బంకను వేరువేరు డబ్బాలలో నుంచి, తీసిన నెలను, చుట్టుప్రక్కల చెట్ల పేర్లను వ్రాసి, ఒక్కొక్కదానిని పరీక్షకు పంపవలెననియు, ఆ రుసుమును సంఘ నిధినుండి చెల్లింపవలెననియు రాబోవు సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదింపనున్నాము. అంతవరకు అమ్మదలచినవారు మందను మాట లేకుండ, వట్టి యీగబంకయనియే తమ పేరున అమ్ముకొనవచ్చును.