ఆరోగ్య ప్రసంగము: మత్తులో రక్తపుపోటు



మొన్న మా పొరుగింటి వదినగారు కన్నుల నీరు నించుకొని మా యింటికి వచ్చిరి. ఆమె పుట్టినిల్లు ఉద్దానము. కూతునకు పైదవడ ముందునకు పెరిగి, పండ్లు కలియక, అన్నము నమలుటయే కష్టముగా నున్నది. దవడను సరిచేయు శస్త్రచికిత్సకు దినము నిర్ణయించిరి. మత్తు నిచ్చు వైద్యుడు, శస్త్రము జరుగునపుడు పిల్ల రక్తపుపోటును కొంత తగ్గించి యుంచెదమనెనట. "పోటు పడిపోయినచో మనుష్యులు సొమ్మసిల్లుదురు గదా! కావలెనని తగ్గించుట యేమి వదినగారూ?" అని యామె దుఃఖము.

కాలికో చేతికో శస్త్రము చేయునపుడు పైన పట్టీ బిగించి రక్తము నాపవచ్చును. ముఖమున కది వీలుగాదు. పైదవడ యెముకను కోసి కదల్చునపుడు రక్తము మిక్కిలిగా స్రవించి, వైద్యునకు చోటు కనబడదు. తూము కొంచెము దించిన కాలువ నీరు తగ్గినట్లు, పోటు తగ్గిన స్రావము తగ్గును. 1917లో అమెరికాలో హార్వీ కుషింగు అను మెదడు శస్త్రవైద్యుడు ఈ యూహను ప్రకటించెను. 120/80 గల మనిషికి సగటు పోటు రమారమి 93. దానిని సాధారణముగా 55, 65 నడుమకు దింతురు. తల కొంచె మెత్తి పరుండబెట్టి, మందులను కొలతతో నెక్కించుచు, యంత్రములతో కనిపెట్టి, పని తీరినంతనే యథాస్థితికి దెత్తురు.

ఈ విద్యలో మన స్త్రీలకును వాటా కలదు. 1888, 1889లలో హైదరాబాదున క్లోరోఫారము పరిశోధన సంఘములు కూర్చుండగా, మత్తులో పోటు పడిపోవుటను గూర్చి గొప్ప వాదము నడచెను. ఆ నగరముననే వైద్యము చదివిన రూపాబాయి ఫర్దూన్జీ లోకమునందలి తొలి స్త్రీ మత్తువైద్యులలో నొకతెగా నెన్నబడుచున్నది.

అయిన నిది యందఱికిని తగదు. గుండెజబ్బు, పక్షవాతము, అదుపులేని అధికపోటు, తీవ్రమగు రక్తహీనత, మూత్రపిండవ్యాధి గలవారికి రక్తము చాలక అవయవములు చెడవచ్చును. ఉద్దానమున కవిటి, సోంపేట ప్రాంతములను మూత్రపిండవ్యాధి యెంత బాధించుచున్నదో మీ రెఱుగుదురు. అది చాలకాలము నొప్పి లేక దాగియుండును.

ఈ మాట చెప్పగనే వదినగారు తల వంచుకొనిరి. తన యన్నగారు ఆ వ్యాధితోనే పోయిరట. పెండ్లి కావలసిన పిల్ల గదా యని ఆ సంగతి వైద్యునకు చెప్పలేదట! మఱునాడే వెళ్లి చెప్పిరి. ఆయన కోపింపక, క్రియాటినిను పరీక్ష చేయించి, ఫలితము చూచిన పిదపనే పోటు సంగతి తేల్చెదమనెను.

ఇరుగుపొరుగువారికి చెప్పనిదానినైనను మత్తు నిచ్చువానికి చెప్పవలెను. నిద్రలో నున్న బిడ్డ తన సంగతి తాను చెప్పుకొనజాలదు.