గేర్‌బాక్స్ ఆయిల్ 'లైఫ్‌టైమ్' అంటే ఎవరి లైఫ్?



జీతాల గురించో, ఔట్‌పాస్ గురించో రాయకుండా ఈసారి బండి ఆయిల్ మీద పడ్డాడేంటి అనుకోకండి. ఇది కూడా మన పైసల సంగతే. షార్జా, అజ్మాన్‌లలో రూములుండి దుబాయ్ సైట్లకు పోయేవాళ్లు ఇప్పుడు ముగ్గురు నలుగురు కలిసి పాత కారు కొంటున్నారు. ఇంటికి పంపేదాంట్లో తగ్గించి కొందరు, చిట్టీ ఎత్తి కొందరు. (బయటివాళ్లను పైసలకు ఎక్కించుకోవడం ఇక్కడ నేరం, జరిమానా మామూలుగా ఉండదు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.) అలాంటి బండికి గేర్‌బాక్స్ పోతే బండి కొన్న ధరలో పెద్ద వంతు దానికే అడుగుతారు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించడానికి అయ్యేది కొన్ని వందల దిర్హాంలు. తేడా మీరే చూసుకోండి.

నేను చెప్పేది సీవీటీ బళ్ల గురించి. నిస్సాన్ ఆల్టిమా, ఎక్స్‌ట్రెయిల్, 2016 తర్వాతి హోండా సివిక్, ఇలాంటివి. ఆటోమేటిక్ లాగే ఉంటుంది, పి ఆర్ ఎన్ డి అని అవే అక్షరాలు. కానీ లోపల మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక స్టీల్ బెల్టు. వందల కొద్దీ సన్నటి స్టీలు ముక్కలు పేర్చి చేసిన బెల్టు అది. ఒక్కో పుల్లీ రెండు పక్కలూ దగ్గరకు, దూరంగా జరుగుతుంటే బెల్టు పైకీ కిందికీ పోతుంది, స్పీడు మారుతుంది. మన ఊళ్లో పిండిగిర్నీ బెల్టు గుర్తుందా? బెల్టు జారితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పిండి మాత్రం పడదు. ఇక్కడా అంతే. ఇంజన్ అరుస్తుంది, బండి ముందుకు పోదు.

ఆ స్టీలు బెల్టు స్టీలు పుల్లీ మీద జారకుండా పట్టు ఇచ్చేది లోపలున్న ఆయిలే. మామూలు ఆయిల్ పని అరుగుదల ఆపడం. సీవీటీ ఫ్లూయిడ్ అరుగుదలా ఆపాలి, పట్టూ ఇవ్వాలి, వేడినీ మోయాలి. మూడు పనులు చేసే ఆయిల్ ఎండాకాలం సాయంత్రం ఇత్తిహాద్ రోడ్డు మీద గంటన్నర పాకుతూ పోతే ఎంత అలసిపోతుందో చెప్పక్కర్లేదు. వేడికి దాని గుణం తగ్గుతుంది. లోపల అరిగిన ఇనుప పొడి కూడా దాంట్లోనే చేరుతుంది. ఆ పొడిని పట్టుకోవడానికే అడుగు ప్యాన్‌లో అయస్కాంతాలు పెడతారు.

కానీ అమ్మేవాడిని అడగండి, 'ఇది లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్ భాయ్, ముట్టుకోవద్దు' అంటాడు. నాకు ఈ మాట మీదే కోపం. ఎవరి లైఫ్? కొత్త బండి కొన్నవాడు వారంటీ ఉన్నంత కాలం నడిపి అమ్మేస్తాడు. అతని వరకు అది లైఫ్‌టైమే. మన చేతికి వచ్చేసరికి బండి మూడో చేతిదో, నాలుగో చేతిదో. అమెరికాలో నిస్సాన్ కంపెనీ 2009లో తన సీవీటీ గేర్‌బాక్సుల వారంటీని 5 ఏళ్లు, 60,000 మైళ్ల నుంచి 10 ఏళ్లు, 1,20,000 మైళ్లకు పెంచింది. గేర్‌బాక్స్ ఎప్పటికీ పోనిదైతే ఆ అవసరం ఎందుకొస్తుంది? మనకు ఆ వారంటీ కూడా లేదు. బండి మాన్యువల్‌లో కఠినమైన వాడకానికి వేరే షెడ్యూలు ఉంటే అదే చూడండి. ఎండ, దుమ్ము, ఆగి ఆగి పోయే ట్రాఫిక్, మూడూ మనకున్నాయి. నా లెక్కలో 40,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి. మరీ లాగితే 60,000, అంతకు మించొద్దు.

మార్చకపోవడం ఒక తప్పు. తప్పుడు ఆయిల్ పోయించడం అంతకంటే పెద్ద తప్పు. మన రూముల వైపు ఒక తమ్ముడి బండికి ఇలాగే అయ్యింది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీవాళ్లు డ్రమ్ములోంచి ఎర్ర ఆయిల్ పోసి, 'అన్నీ ఒకటే' అని పంపారు. అది మామూలు ఆటోమేటిక్ గేర్ల ఏటీఎఫ్. సీవీటీ బెల్టుకు కావలసిన పట్టు దాంట్లో ఉండదు. కొన్నాళ్లకే బండి వణకడం, తర్వాత సిగ్నల్ దగ్గర కదలకపోవడం. నలుగురి వాటా ఒక్క డబ్బా తేడాలో పోయింది.

కాబట్టి పేరు చూసి పోయించండి. నిస్సాన్ పాత మోడళ్లకు ఎన్ఎస్-2, తర్వాతి వాటికి ఎన్ఎస్-3. కొత్త హోండాలకు హెచ్‌సీఎఫ్-2. టయోటా సీవీటీలకు సీవీటీఎఫ్ ఎఫ్ఈ, కొన్ని పాతవాటికి టీసీ. అనుమానం ఉంటే చాసిస్ నంబరు తీసుకుని ఏజెన్సీ పార్ట్స్ కౌంటర్‌లో అడగండి, మీ బండికి ఏది కావాలో కంప్యూటర్‌లో చూసి చెప్తారు. ట్యాక్సీ నడిపే తమ్ముళ్లకు ఒక మాట: క్యామ్రీ హైబ్రిడ్‌ను కూడా ఈ-సీవీటీ అంటారు గానీ దాంట్లో ఈ బెల్టు ఉండదు, దానికి ఏటీఎఫ్ డబ్ల్యూఎస్ పోస్తారు. పేరు చూసి మోసపోవద్దు.

గ్యారేజీలో బండి వదిలేసి చాయ్‌కి పోకండి. సీలున్న డబ్బా మీ ముందే తెరవమనండి. అడుగు నట్టు విప్పితే మొత్తం ఆయిల్ దిగదు, చాలా బళ్లలో సుమారు సగమే వస్తుంది. అందుకే చాలా రోజులుగా మార్చని బండికి కొన్ని రోజులు నడిపాక ఇంకోసారి మార్పిస్తే మంచిది. దిగినదాన్ని కొలిచి రాసుకోండి. కానీ అంతే పోసి మూత బిగించడంతో పని కాలేదు. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడిలో ఉన్నప్పుడు లెవెల్ చూడాలి. ఎక్కువైనా తక్కువైనా చెడే. ఖాళీ డబ్బాల ఫొటో, కిలోమీటర్ల ఫొటో, బిల్లు దాచుకోండి. రేపు అమ్మేటప్పుడు పనికొస్తాయి.

ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు కొత్త ఆయిల్ మందు కాదు. అరిగిన బెల్టు తిరిగి రాదు. అందుకే పాత బండి కొనేముందు అరగంటైనా నడిపి చూడండి. వేడెక్కాక మెల్లగా పోతున్నప్పుడు వణుకుతుందా? తొక్కితే ఇంజన్ మోత పెరిగి బండి వెనకబడుతుందా? ఈల లాంటి శబ్దం వస్తుందా? ఏ ఒక్కటి ఉన్నా వదిలేయండి, బండ్లు బోలెడున్నాయి. బండి ఆగిపోతే తాడు కట్టి లాగొద్దు, రికవరీ బండి మీద ఎక్కించండి.

కంపెనీ బండ్లు, ఇంటి బండ్లు నడిపే తమ్ముళ్ల కష్టం వేరు. ఆయిల్ మార్పించాల్సింది యజమాని, గేర్‌బాక్స్ పోతే మాట పడేది డ్రైవరు. జీతంలో కోస్తామని బెదిరించినవాళ్లూ ఉన్నారు. నోటితో చెప్పి ఊరుకోకండి. కిలోమీటర్ల ఫొటో తీసి, 'సార్, గేర్ ఆయిల్ మార్చాలి' అని వాట్సాప్‌లో పెట్టండి. జవాబు రాకపోతే వారం తర్వాత మళ్లీ పెట్టండి. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు.

కలిసి బండి కొన్నవాళ్లు నెలకు మనిషికి ఇరవై దిర్హాంలు ఒకరి దగ్గర పక్కన పెట్టండి. పెట్రోలు లెక్కలో కలపొద్దు, కలిపితే మిగలదు. మీ బండి సీవీటీయో కాదో తెలియకపోతే మోడలు, సంవత్సరం, చాసిస్ నంబరు నాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టొద్దు. డ్యూటీ దిగాక చూసి, పార్ట్స్ కౌంటర్‌లో అడిగి ఏ ఆయిల్ కావాలో చెప్తాను.